ఇల్లు అమ్మేవారు తనిఖీ నాడు ఎలా మెలగాలి

(చెన్నైలో జరిగిన తెలుగు కుటుంబాల సమావేశంలో, పాత ఇళ్ళనూ ఫ్లాట్లనూ తనిఖీ చేసే ఒక సివిల్ ఇంజనీరు చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం.

ఈ నగరంలో ఇల్లు కొనేవారికి సలహాలు చెప్పేవారు కావలసినంత మంది ఉన్నారు. పట్టా చూడండి, ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపే ఈసీ తీయించండి, ఫ్లాటుకు స్థలంలో దక్కే వాటా, అంటే యూడీఎస్, ఎంత వస్తుందో లెక్క కట్టండి అని బ్రోకరు మొదలుకొని పక్కింటాయన వరకు అందరూ చెబుతారు. అమ్మేవారికి మాత్రం ధర విషయంలో తప్ప మరో సలహా ఎవరూ ఇవ్వరు. కొనేవారి తరఫున ఒక ఇంజనీరు నిచ్చెనా మీటర్లూ పట్టుకొని గుమ్మంలోకి వచ్చిన రోజున ఇంటి యజమాని ఎక్కడ ఉండాలి, ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు, ఏయే తాళాలు తీసి ఉంచాలి అన్నవి మనలో చాలామంది ఎన్నడూ ఆలోచించని సంగతులు. ఈ సాయంత్రం వాటి గురించే మాట్లాడతాను. నాకు ఫీజు ఇచ్చేది సాధారణంగా కొనేవారే కనుక నా మాటల్లో వారి పక్షం వినిపిస్తుందేమోనని మీకు అనుమానం రావచ్చు. అయితే నేను చెప్పబోయేవాటిలో ఎక్కువ భాగం అమ్మేవారి డబ్బునూ పేరునూ కాపాడేవే.

మన పిల్లల్లో అమెరికాలో ఇల్లు కొని అమ్మినవారు ఉన్నారు. అక్కడ కొనుగోలు ఒప్పందాన్ని తనిఖీకి లోబడి రాసుకోవడం మామూలు. తనిఖీదారుల సంఘం ఒకటి 1976 నుంచీ పనిచేస్తోంది. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో ఇంటి లోపాలను అమ్మేవారే చట్టం నిర్దేశించిన ఫారంలో రాసి ఇవ్వాలి. తనిఖీ జరిగే రెండు మూడు గంటలూ అమ్మేవారి కుటుంబం కుక్కపిల్లతో సహా బయటికి వెళ్ళిపోవడం మర్యాద. మన దగ్గర ఈ ఏర్పాటు లేదు. బ్యాంకు పంపే వాల్యూయరు వస్తాడు గాని, ఆయన పని అప్పుకు తగిన విలువ ఇంటికి ఉందో లేదో చూడడం వరకే. మీ స్నానాలగది కింద చెమ్మ ఉందో లేదో ఆయన రిపోర్టులో ఉండదు. అందుకే సొంతంగా ఇంజనీరును తెచ్చుకునే కొనుగోలుదారులు ఇప్పుడు కనిపిస్తున్నారు. ముఖ్యంగా విదేశాల్లో ఉంటూ ఇక్కడ కొనేవారు, ఐటీ కంపెనీలున్న ఓఎంఆర్ రోడ్డు వైపు ఉద్యోగాలు చేసే యువ దంపతులు అలా అడుగుతున్నారు. అలా అడిగినప్పుడు, “మా మీద నమ్మకం లేదా?” అని నొచ్చుకునే యజమానులే మనలో ఎక్కువ. ఇల్లు చూపించడం పెళ్ళిచూపుల వంటిది; అక్కడ మంచి చీర కట్టుకొని కూర్చోవడంలో తప్పు లేదు. తనిఖీ అనేది ఆ ఘట్టం దాటిన తరువాత జరిగే వేరే పని, దానికి కావలసిన ప్రవర్తన కూడా వేరు.

తనిఖీ మనకు కొత్త కావచ్చు గాని, అమ్మేవారి బాధ్యత కొత్తది కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 55వ సెక్షను ఈ విషయాన్ని స్పష్టంగా చెబుతుంది. ఆస్తిలో గాని హక్కులో గాని ముఖ్యమైన లోపం ఉండి, అది అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా వారికి అంతుబట్టనిదైతే, దానిని అమ్మేవారు బయటపెట్టి తీరాలి. అడిగినప్పుడు హక్కు పత్రాలను చూపాలి. ఆస్తిని గురించి కొనేవారు అడిగిన సంబంధిత ప్రశ్నలన్నింటికీ తమకు తెలిసినంత మేరకు జవాబు చెప్పాలి. లోపాన్ని బయటపెట్టకపోవడం మోసపూరితమని ఆ సెక్షనే చివర్లో అంటుంది. ఈ బాధ్యతలు ఒప్పందంలో వేరే విధంగా రాసుకోనప్పుడు వర్తించేవి కనుక, “ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను” అన్న వాక్యం అగ్రిమెంటులో పెడితే సరిపోతుందని కొందరు బ్రోకర్లు చెబుతారు. కాని తెలిసిన సంగతిని పనిగట్టుకొని దాచడాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను మోసం కిందనే లెక్కవేసింది, మోసంతో కుదిరిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే అవకాశాన్ని 19వ సెక్షను ఎదుటి పక్షానికి ఇచ్చింది. వాక్యం ఎలా రాసుకోవాలో మీ వకీలు చెబుతారు. పుట్టీ పూసి పగులును కప్పేసిన తరువాత ఆ వాక్యాన్ని నమ్ముకోవద్దని మాత్రం నేను చెప్పగలను.

నా అభిప్రాయం ఇది. అమ్మేవారు చెప్పవలసినదంతా తనిఖీకి ముందే, రాతపూర్వకంగా చెప్పేయాలి. తనిఖీ జరుగుతున్నప్పుడు తలుపులు తెరిచి పక్కకు తప్పుకోవాలి. మనం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తున్నాం. ముందు ఏమీ చెప్పం, తనిఖీ నాడు ఇంజనీరు వెనకాలే తిరుగుతూ ఆగకుండా మాట్లాడతాం.

ముందే చెప్పవలసినవాటిలో చెన్నైకి సంబంధించినంత వరకు వరద అన్నింటికన్నా పెద్దది. 2015 డిసెంబరు మొదటి రోజుల్లో అడయారు నది పొంగి సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట, కోట్టూరుపురం ఇళ్ళలోకి నీరు చొరబడింది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను మన బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు ఇక్కడ కుమ్మరించిన వానకు వేళచ్చేరి, పళ్ళికరణై, ముడిచ్చూరు వంటి చోట్ల జనం మేడల మీద గడిపారు. ఫలానా పేట మునిగిందన్న వార్త లోకమంతటికీ తెలుసు, కొనేవారు దానిని వెతికి తెలుసుకోగలరు. కాని మీ హాల్లో నీరు ఎంత ఎత్తు వరకు నిలిచింది, ఎన్నాళ్ళు నిలిచింది, సంపులోకి మురుగు కలిసిందా లేదా, తడిసిన వైరింగు మార్చారా లేక ఆరబెట్టి వాడుకుంటున్నారా అన్నవి మీకు తప్ప మరొకరికి తెలిసే మార్గం లేదు. చట్టం చెప్పే “మామూలు జాగ్రత్తకు అందని లోపం” అంటే ఇటువంటిదేనని నేను అనుకుంటాను.

వరద వచ్చిన ఇల్లు అమ్ముడుపోదన్న భయంతో యజమానులు చేసే పనులు చూస్తే కొన్నిసార్లు జాలి కలుగుతుంది. గోడ మీద నీటి గీత కనబడకుండా నడుము ఎత్తు వరకు టైల్సు అంటిస్తారు. కింది వరుస ప్లగ్గులన్నీ పైకి మార్చి, పాత పెట్టెల స్థానంలో సున్నం పూస్తారు. ప్లగ్గులు పైకి మార్చడం నిజానికి తెలివైన పని. దానిని దాచవలసిన అవసరమే లేదు, “నీరు వచ్చింది, అందువల్ల మార్పించాం” అంటే కొనేవారికి ధైర్యం కలుగుతుంది. అలాగే రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో ఇల్లు రోడ్డు కన్నా పల్లమైపోయి, జాకీలు పెట్టి ఇంటిని మొత్తంగా ఎత్తించుకున్నవారు ఈ నగరంలో ఉన్నారు. పని ఎవరు చేశారు, ఏ సంవత్సరంలో చేశారు, ఎన్ని అడుగులు ఎత్తారు, ఆ తరువాత గోడల్లో కొత్త పగుళ్ళు వచ్చాయా అన్న వివరాలతో బిల్లూ ఫొటోలూ ఒక ఫైలులో పెట్టి ఇస్తే అది ఇంటికి బలమవుతుంది. ఆ సంగతి చెప్పకుండా ఊరుకుంటే, పునాది దగ్గర కొత్త ఇటుక వరుసను చూసిన ఇంజనీరు దానినే రిపోర్టులో మొదటి అంశంగా రాస్తాడు.

రెండవది ఉప్పు గాలి. తిరువాన్మియూరు, బెసెంట్ నగర్, నీలాంగరై వైపు గాని, ఉత్తరాన రాయపురం, ఎన్నూరు వైపు గాని సముద్రానికి దగ్గరలో ఉన్న కట్టడాల్లో ఉప్పు కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుమును తినేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు పరిమాణానికి అనేక రెట్లు ఉబ్బి, పైనున్న కాంక్రీటును పెచ్చులుగా రాల్చేస్తుంది. మామూలు వాతావరణంలో ఇనుము మీద కనీసం 20 మిల్లీమీటర్ల కవరు, అంటే కాంక్రీటు పొర, ఉండాలని మన ప్రమాణాలు చెబుతాయి, ఉప్పు గాలి తగిలేచోట అంతకన్నా చాలా ఎక్కువ కావాలి. పాత కట్టడాల్లో ఆ కనీసం కూడా ఉండని చోట్లు ఎన్నో. సన్‌షేడ్ల అడుగున, బాల్కనీ స్లాబు అంచున, స్నానాలగది పైకప్పులో ఇది ముందుగా బయటపడుతుంది. రాలిన చోట మేస్త్రీని పిలిచి సిమెంటు మెత్తించి రంగు వేయించడం మనవాళ్ళ అలవాటు. ఊడిన కాంక్రీటును తొలగించి, ఇనుము వెనక వరకు శుభ్రం చేసి, తుప్పు పట్టకుండా పూత వేసి, ఆ పనికి తగిన మోర్టారుతో పూడిస్తే తప్ప అది మరమ్మతు కాదు. మెత్తించిన సిమెంటు మళ్ళీ ఊడిపోతుంది, కాని ఊడేలోగా ఇల్లు అమ్ముకుందామని యజమాని లెక్క. సుత్తితో మెల్లగా తట్టగానే డొల్ల శబ్దం వస్తుందని ఆయనకు తెలియదు.

ఇక్కడ రంగు గురించి ఒక మాట. ఇల్లు అమ్మేముందు రంగులు వేయించడం తప్పని నేను అనను. ఇంటినంతటినీ ఒకేసారి వేయించుకుంటే అది ముస్తాబు. ఒక గదిలో ఒక మూల మాత్రమే, అదీ తనిఖీకి నాలుగు రోజుల ముందు వేయిస్తే, ఇంజనీరు కళ్ళు నేరుగా ఆ మూలకే పోతాయి. గోడ పైన పొడిగా కనిపించినా మాయిశ్చర్ మీటరు పెట్టగానే లోపలి చెమ్మ అంకెల్లో తెలుస్తుంది, థర్మల్ కెమెరాలో తడి ఉన్నచోటు చల్లగా వేరే రంగులో కనిపిస్తుంది. బూజు వాసన తెలియకుండా అగరొత్తులు వెలిగించడం, పగులుకు అడ్డంగా బీరువా జరపడం కూడా ఇటువంటివే. దాచినది దొరికితే నష్టం ఆ ఒక్క మూలతో ఆగదు. మీరు నిజంగా బాగా చూసుకున్న మిగతా ఇంటి మీద కూడా అనుమానం పాకుతుంది. చెమ్మ మరకను అలాగే ఉంచి, “నిరుడు ఈశాన్య రుతుపవనాల్లో ఇక్కడ కారింది, మేడ మీద టైల్సు సందులు పూడిపించాం, ఇదిగో బిల్లు” అన్న యజమానితో మాట్లాడడం ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. అటువంటి ఇంటి గురించి నేను రాసే రిపోర్టు చిన్నదిగా ఉంటుంది.

నీళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2019 వేసవిలో ట్యాంకర్ల కోసం బిందెలు వరుసలో పెట్టిన నగరం ఇది. కొనేవారు వచ్చే రోజుకు లారీ నీళ్ళతో సంపు నింపించి, “మాకు ఏడాది పొడుగునా నీళ్ళే” అనే యజమానులు ఉన్నారు. సంపును మామూలుగా ఉన్న స్థితిలోనే వదిలేయండి. మెట్రో వాటర్ వారి కుళాయి నీరు ఎన్ని రోజులకు ఒకసారి వస్తుంది, బోరు ఎంత లోతు, ఎండాకాలంలో ఎప్పటి నుంచి లారీ పిలుస్తారు అన్నవి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. బోరు నీటిని పరీక్షకు పట్టుకుంటామంటే బోరు కుళాయి దగ్గరే పట్టనివ్వాలి గాని వంటింట్లో ఆర్‌ఓ కుళాయి చూపించకూడదు. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకపోవడం మంచిదని, మరో ఆధారం లేనప్పుడు 2000 వరకు సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం. సముద్రపు ఒడ్డు ఇళ్ళలో ఆ రెండో అంకె కూడా దాటే బోర్లు ఉండవచ్చు. అది యజమాని తప్పు కాదు, కనుక దాచవలసిన పనీ లేదు.

ఇక తనిఖీ నాటి ప్రవర్తనకు వస్తాను. తెరిచి ఉండవలసిన తాళాలు మనం అనుకునేదానికన్నా ఎక్కువ: మేడ తలుపు, మోటారు గది, మీటరు బోర్డు, సంపు మూత, లాఫ్టుల తలుపులు, ఫాల్స్ సీలింగులో ఏసీ దగ్గరుండే చిన్న కిటికీ. ఫ్లాటైతే మేడకూ లిఫ్టు గదికీ తాళం అసోసియేషన్ దగ్గర ఉంటుంది. సెక్రటరీకి ముందు రోజే చెప్పి ఉంచాలి. ఇంజనీరు వచ్చాక వాచ్‌మన్ కోసం వెతకడం మొదలుపెడితే సగం పూట అక్కడే పోతుంది, చూడలేకపోయిన ప్రతి చోటూ “పరిశీలనకు వీలుపడలేదు” అని రిపోర్టులోకి ఎక్కుతుంది. ఆ మాట చదివిన కొనుగోలుదారు అక్కడేదో ఉందనే అనుకుంటాడు. ఖాళీగా ఉన్న ఇల్లైతే కరెంటు కనెక్షను నడుస్తూ ఉండాలి, ట్యాంకులో నీళ్ళుండాలి. యజమాని విదేశంలో ఉండి పవరాఫ్ అటార్నీ తీసుకున్న బంధువు తాళాలు తెచ్చే సందర్భాల్లో ఈబీ (కరెంటు) బిల్లు కట్టక ఫ్యూజు తీసేసిన ఇళ్ళకు మేము చీకట్లో వెళ్ళి తిరిగి వచ్చిన రోజులున్నాయి.

కరెంటు బోర్డు తనిఖీలో, కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే ఆర్‌సీసీబీ మీద ఉండే పరీక్ష మీటను నొక్కి చూస్తాం. నొక్కగానే ఇంట్లో కరెంటు పోతుంది, పోవాలి కూడా, పోకపోతేనే ప్రమాదం. అందుచేత పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చొని ఆఫీసు మీటింగులో ఉన్న సమయాన్ని తనిఖీకి ఇవ్వకండి. ఇన్వర్టరు ఏయే గదులకు కలిపి ఉందో ముందే చెప్పడం మా ప్రాణాలకు మంచిది. స్నానాలగదిలో నీరు నిలబెట్టి ఒక రోజంతా ఉంచి చూడాలని కొనేవారు కోరితే, కింది ఫ్లాటువారి పైకప్పును కూడా చూడవలసి ఉంటుంది కనుక వారితో మాట్లాడి ఒప్పించవలసినది అమ్మేవారే. ఈ నీరు కారే విషయంలో కింది ఇంటివారితో ఇదివరకే మాటా మాటా వచ్చి ఉంటే, ఆ సంగతి తనిఖీకి ముందే చెప్పేయండి. కింది ఇంటి ఆవిడ తలుపు తీసి ఇంజనీరు ముందు మీ చరిత్రంతా చెప్పడం కన్నా అది ఎంతో మేలు. అద్దెకున్నవారి విషయమూ ఇంతే. వారికి ముందుగా కబురు చెప్పి, వారికి వీలైన సమయం అడిగి రావాలి. “ఎవరైనా అడిగితే చెమ్మ లేదని చెప్పండి” అని వారికి పాఠం చెప్పి పెట్టడం మాత్రం పనికిరాదు. అద్దెకున్నవారికి మీ అమ్మకం మీద ఆసక్తి ఏముంటుంది?

ఇంట్లో ఎవరు ఉండాలన్నది సున్నితమైన ప్రశ్న. అమెరికాలో లాగా అందరూ బయటికి వెళ్ళిపోవడం మన ఇళ్ళలో కుదరదు. మంచం మీద మామ్మగారు ఉంటారు, వంట మనిషి వస్తుంది. ఇల్లు తెలిసినవారు ఒక్కరు హాల్లో కూర్చొని, పిలిస్తే పలికేటట్టు ఉంటే చాలు. ఆ ఒక్కరు ఇల్లు కట్టించిన పెద్దాయన కాకపోతే మంచిదని నా అనుభవం. ఆయన సిమెంటు బస్తాలు లెక్కపెట్టి దించుకున్న మనిషి, ఒక్కో గోడకు ఒక్కో కథ తెలిసినవాడు. గోడ మీద గీతను చూసి మేము స్కేలు పెట్టగానే ఆయన ముఖం ఎర్రబడుతుంది. “ఈ కాలం కట్టడాల్లా కాదు బాబూ” అని ఆయన మొదలుపెడితే ఆపడం కొనేవారికీ, మాకూ కష్టమే. అటువంటప్పుడు పెద్దాయన్ను గుడికో పార్కుకో పంపి, కోడలో కూతురో ఇంట్లో ఉండటం అందరికీ మేలు.

అడిగిన ప్రశ్నకు తెలిసినంత వరకు జవాబు చెప్పండి. తెలియకపోతే తెలియదనండి, అది గౌరవమైన జవాబే, చట్టం కూడా అంతకన్నా అడగదు. అడగని వ్యాఖ్యానం మాత్రం వద్దు. “ఇది ఉత్త ప్లాస్టరు పగులే” అని యజమాని తీర్పు ఇవ్వడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు. కాంక్రీటు స్తంభమూ ఇటుక గోడా కలిసేచోట నిట్టనిలువుగా వచ్చే సన్నని గీత చాలావరకు ప్రమాదం లేనిదని మాకు తెలుసు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగి ఏడాదికేడాది వెడల్పవుతున్నది వేరే కథ. ఆ తేడా తేల్చడానికి మాకు కావలసింది, అది ఏ సంవత్సరంలో మొదట కనిపించింది, ఆ తరువాత పెరిగిందా అన్న సమాచారం. అది ఒక్కటి నిజంగా చెబితే చాలు.

మర్యాదల విషయంలో మనవాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు, కొంచెం తగ్గించమని చెప్పాలంతే. కాఫీ ఇవ్వండి, సంతోషంగా తాగుతాం. భోజనానికి ఉండమని బలవంతం చేయకండి. ఇంజనీరుది నెల్లూరని తెలియగానే, “మీది ఏ వీధి, ఎవరి తాలూకు?” అని వంశవృక్షం దాకా వెళ్ళి, చివరికి ఏదో వరస కలిపి, “మనవాడివి, కాస్త చూసి రాయి నాయనా” అనడం మన దగ్గర సర్వసాధారణం. పక్క గదిలో ఉన్న కొనుగోలుదారు ఆ మాట విన్నాడంటే ఆ రిపోర్టుకు అతని దృష్టిలో విలువ పోతుంది, మీ ఇంటికి మరో ఇంజనీరు వస్తాడు. ఇంజనీరుకు విడిగా డబ్బు ఇవ్వజూపడం గురించి నేను మాట్లాడను. దేవుడి గది గోడకు అవతల స్నానాలగది ఉంటే ఆ గోడను చూడక తప్పదు. చెప్పులు విప్పి, మీరు నిలబడమన్నచోట నిలబడి చూస్తాం. పటాలు జరపవలసి వస్తే మీ చేతులతోనే జరపండి. నగలూ పత్రాలూ ముందే బీరువాలో పెట్టి తాళం వేసుకుంటే మా వెనక తిరగవలసిన అవసరం మీకూ ఉండదు. కుటుంబ ఫొటోలు, పిల్లల గదులు మా కెమెరాలో పడకూడదని చెప్పే హక్కు మీకు ఉంది. టైలు పగలగొట్టి చూడడానికి, గోడకు రంధ్రం వేయడానికి, కాంక్రీటు ముక్క కోసి తీయడానికి మీరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఎవరికీ అధికారం లేదు. ఒప్పుకున్నా, తిరిగి పూడ్చే ఖర్చు ఎవరిదో ముందే రాసుకోండి.

వాస్తు చూసేవారిని కూడా ఇదే రోజు తీసుకొచ్చే కొనుగోలుదారులు ఉంటారు. ఈశాన్యంలో మెట్లు ఉన్నాయని ఆయన అంటే మీరు వాదించకండి, నేనూ వాదించను.

రిపోర్టు వచ్చిన తరువాతనే అసలు పరీక్ష మొదలవుతుంది. పాతికేళ్ళ ఇంటికి పొడుగాటి జాబితా రావడం సహజం. తలుపు గొళ్ళెం వదులు అన్నదీ, బాల్కనీ ఇనుము తుప్పు పట్టిందన్నదీ ఒకే జాబితాలో ఉంటాయి. కోపంతో ఫోను చేసి అంశం అంశంగా పోట్లాడకుండా, పెద్దవి ఏవో విడదీసి, వాటికి మీరు మరమ్మతు చేయించి ఇస్తారా, ధర తగ్గిస్తారా, ఉన్నది ఉన్నట్టుగా ఇస్తామని చెబుతారా అన్నది రాతలో తెలపండి. మరమ్మతు అనుకుంటే హడావుడి పనికి ఒప్పుకోవద్దు. శుభకార్యాలకు మంచిది కాదని తమిళులు భావించే ఆడి నెలలో ఎలాగూ రిజిస్ట్రేషన్లకు జనం ముందుకు రారు కనుక ఆ నెల రోజులు మంచి మేస్త్రీతో పని చేయించుకోవడానికి పనికొస్తాయి.

కొందరు యజమానులు రిపోర్టు కాపీ తీసుకోవడానికే ఇష్టపడరు. “నాకు చూపించకండి, తెలిస్తే వచ్చేవాడికి చెప్పాలి కదా” అని ఒకాయన నాతోనే అన్నాడు. ఆయనకు చట్టం బాగానే అర్థమైంది, కాని లెక్క తప్పింది. బేరం చెడి ఆ కొనుగోలుదారు వెళ్ళిపోయినా, స్లాబు పరిస్థితి గురించి ఆయన మీకు ఫోనులోనో వాట్సాప్‌లోనో ఒక మాట చెప్పే ఉంటాడు. ఆ మాటతోనే మీకు తెలిసినట్టు అవుతుంది. రెండో కొనుగోలుదారు వచ్చినప్పుడు ఆ లోపాన్ని దాచితే, మీకు తెలుసుననడానికి మొదటివాడే సాక్షి. దానికన్నా రిపోర్టు తెచ్చుకొని, చేయించిన పనులకు బిల్లులు జతపరిచి, తరువాత వచ్చేవారి చేతిలో పెట్టడం సులువు. అమ్మకానికి పెట్టేముందే సొంత ఖర్చుతో తనిఖీ చేయించుకునేవారు కూడా ఉన్నారు. పాత మద్రాసు టెర్రసు ఇళ్ళ యజమానులకు, అంటే మైలాపూరు, తిరువల్లికేణి, షావుకారుపేట ప్రాంతాల్లో టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో కప్పిన ఇళ్ళు ఉన్నవారికి, నేను అదే సలహా ఇస్తాను. ఆ దూలాల కొసలు గోడలో దాగి ఉంటాయి, చెదలూ చెమ్మా పట్టేది అక్కడే. అటువంటి ఇంటిని ఎన్నడూ చూడని ఇంజనీరు దానిని కూలిపోయేదిగా రాసినా ఆశ్చర్యం లేదు. తెలిసినవారి రిపోర్టు మీ చేతిలో ఉంటే మీకు జవాబు ఉంటుంది.

అగ్రిమెంటు అయ్యాక ఇల్లు అప్పగించే వరకు దానిని వివేకం గల యజమానిలాగా కాపాడవలసిన బాధ్యత కూడా అదే 55వ సెక్షను కింద అమ్మేవారిదే. తనిఖీలో పనిచేసిన మోటారు తాళాలిచ్చే నాటికి కాలిపోయి ఉంటే, తనిఖీ నాటి ఫొటోలు కొనేవారి దగ్గర ఉంటాయి. అందుకే రిజిస్ట్రేషనుకు ఒకటి రెండు రోజుల ముందు ఇద్దరూ కలిసి మరోసారి ఇల్లు తిరిగి చూడండి. ఈబీ మీటరు అంకెను ఫొటో తీసుకోండి; ఆస్తి పన్ను, నీటి పన్ను, అసోసియేషన్ బాకీలు ఏ తేదీ వరకు మీవో రాసుకోండి. గీజర్లు, ఏసీలు, ఇన్వర్టరు బ్యాటరీ, ఆర్‌ఓ, దీపాలు, ఫ్యాన్లు ఇంటితో వెళ్తాయా మీతో వస్తాయా అన్నది అగ్రిమెంటులోనే జాబితాగా ఉండాలి. తనిఖీ నాడు గోడకు ఉన్న ఏసీ అప్పగింత నాడు లేకపోతే, మిగిలిన రంధ్రం గురించి మళ్ళీ నన్నే పిలుస్తారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. మీ ఇంటి ఫొటోలు తెచ్చినవారు ముందు వరుసలోకి రండి, వాటిని చూస్తూ మాట్లాడుకుందాం.